పాతర తీసిన సోమవారం

పోయిన నెల మా వీధి చివర ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంటుకు పునాదులు తవ్వుతుంటే మట్టి ఉన్నట్టుండి దిగబడి, మనిషి దిగేంత మూతీ, గదంత కడుపూ ఉన్న గుంట ఒకటి బయటపడిందనీ, పాత సెప్టిక్ ట్యాంకు కాబోలని పనివాళ్ళు అనుకుంటున్నారనీ మా కోడలు వచ్చి చెప్పింది. మోకాళ్ళ నొప్పులతో వీధి గుమ్మం దాటడమే నాకు గగనం, అయినా చేతికర్ర పట్టుకుని వెళ్ళి చూశాను. లోపల గోడకు నల్లబడిన చొప్ప ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది. ఇది జొన్నపాతర నాయనా అంటే ఆ ఇంజనీరు కుర్రాడు మర్యాదగానే "పాతరంటే ఏంటండీ మామ్మగారూ?" అని అడిగాడు గానీ, నేను నోరు విప్పేలోపు అతనికి ఫోను వచ్చింది. మధ్యాహ్నానికల్లా కంకర పోసి పూడ్చేశారు. అది మా పాతర కాదు. మాది రోడ్డుకు అవతల, ఇప్పుడు పెట్రోలు బంకు ఉన్నచోట ఉండేది. అయినా ఆ కుర్రాడు వినని మాట మీకైనా చెప్పుకుందామని రాస్తున్నాను.

నా ఈడువాళ్ళకు పాతర సంగతి చెప్పనక్కర లేదు, పిల్లల కోసం నాలుగు ముక్కలు. మా నందిగామ, జగ్గయ్యపేట వైపు అప్పట్లో అంతా మెట్ట, వాన పడితే పంట, లేకపోతే మంట. తిండి జొన్న. ఏడాది పొడుగునా ఆ జొన్నను పురుగూ ఎలుకా ముట్టకుండా దాచుకోవాలంటే, నీరు నిలవని గట్టినేల చూసి, పైన ఇరుకుగా లోపల విశాలంగా గొయ్యి తవ్వి, అందులో చొప్ప కాల్చి గోడలు ఆరబెట్టి, చుట్టూ ఎండుచొప్ప పేర్చి గింజలు పోసి, మూతి మీద బండ వేసి మట్టి మెత్తేవారు. పాతరలో మాగిన జొన్నకు ఒక రకమైన పుల్లటి వాసన వచ్చేది, బెజవాడ చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం ఆ వాసన లేనిది అన్నంలా ఉండేది కాదు. బండ ఎత్తిన వెంటనే లోపలికి దిగకూడదు. మూతబడిన గింజ ఊపిరి తీస్తుంది, ఆ ఆవిరి లోపల బరువుగా కూర్చుని ఉంటుంది, కంటికి కనపడదు. ఒక పగలూ ఒక రాత్రీ తెరిచి వదిలేసి, ఆ తరువాత లాంతరు అడుగుదాకా దించి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. దిగినవాడు పడిపోతే వాడికోసం రెండోవాడు దిగకూడదు. ఎక్కాలు రాని పిల్లలకు కూడా ఈ సంగతి వచ్చు.

ఇక మా ఊరు. నేను చెప్పేది అరవైల తొలినాళ్ళ మాట. అప్పటికి నందిగామ అటు పల్లె అని కొట్టిపారేయడానికీ లేదు, ఇటు పట్నం అని మురిసిపోవడానికీ లేదు. తెల్లవారకముందే గేదెల పాలు పితికి, చేలో ఒక చాలు దున్ని, బస్టాండు పంపు దగ్గర కాళ్ళకంటిన నల్లమట్టి కడుక్కుని, సంచిలోంచి చెప్పులు తీసి తొడుక్కుని బెజవాడ బస్సెక్కే గుమాస్తాలు, ప్యూన్లు, టీచర్లు, ఆస్పత్రి కాంపౌండర్లు ఎంతమందో. బస్టాండు ఎదురుగా ఉన్న టీ హోటలు మూల ఒకటి వాళ్ళ ముల్లుకర్రలకీ కొడవళ్ళకీ వదిలేసి ఉండేది, పొద్దున అక్కడ పెట్టిపోయినవాళ్ళు సాయంత్రం బస్సు దిగి ఎవరిది వాళ్ళు తీసుకుని పొలం వెళ్ళేవారు, ఒకరిది ఒకరు ముట్టేవారు కాదు. ఆఫీసులో జొన్నన్నం విప్పితే చిన్నతనమని క్యారియర్లోకి వరన్నం, ఇంట్లో మాత్రం జొన్న. మా పెద్దమ్మ నోరు ఊరుకునేది కాదు, "మనూరు పొద్దున పల్లె, పగలు ముసలోళ్ళ సత్రం, సాయంత్రం ఆరయితే టౌనే!" అనేది. నవ్వుకునేవాళ్ళం. అది నవ్వులాట కాదని ఆమెకూ తెలియదు.

మా ఇల్లు ఊరికి పడమర కొసన, పేట రోడ్డు మీద. మా తాతయ్య ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. తరాలుగా జీతాలుండిన కుటుంబం మాది. క్రీస్తును నమ్ముకున్నాక ఆయన ఆసామిని అడిగిన ఒకే ఒక్క వరం ఆదివారం. ఆ ఒక్కపూట ప్రార్థనకు పోనివ్వమని అడిగితే, ఎద్దులకు లేని ఆదివారం నీకెందుకురా అన్నారట. ఆ మాట తాతయ్య మర్చిపోలేదు. కడుపు కట్టుకుని, నాయనమ్మ మెడలో ఉన్నదీ లేనిదీ కలిపి, ఎవరూ తీసుకోని రాళ్ళ మెట్ట కొంచెం కొన్నాడు. కొన్ననాడే అన్నాడట, ఇక ఈ ఇంట్లో ఆదివారం మనిషీ చెయ్యి కదపడు, ఎద్దూ మెడ వంచదు అని. ఆ తరువాతి ఏడు సొంత పాతర తవ్వించాడు. పాలేరు ఇంటికి పాతరా అని ఊళ్ళో వింతగా చెప్పుకున్నారట. పాతర తీసినప్పుడల్లా తొలిగంప ఇంటివాడే దిగి తేవాలని, ఆ తరువాతే కూలీలు దిగాలని మా ఇంట్లో ఆనవాయితీ పెట్టింది కూడా ఆయనే. తన గింజ మీద మొదటి చెయ్యి తనదే కావాలని ఒక జన్మంతా పరాయి గింజ మోసినవాడు కోరుకోవడంలో తప్పేముంది?

ఆ ఆదివారాన్నీ ఆ పొలాన్నీ తాతయ్య మా నాన్నకు అప్పజెప్పి పోయాడు. నాన్న ఈ రెండింటినీ రెండు కళ్ళలా చూసుకున్నాడు. ఆదివారం మా ఇంట్లో కట్టె కూడా కొట్టేవారు కాదు, శనివారమే కొట్టి పెట్టుకోవాలి. కళ్ళంలో గింజ ఉండి మబ్బు పట్టినా ఆయన లేచేవాడు కాదు, ఇచ్చినవాడే చూసుకుంటాడనేవాడు. మూర్ఖత్వమని బంధువుల్లో అన్నవాళ్ళున్నారు. నేను అనను. అది మా వాళ్ళు అడుక్కుని కాదు, చెమటోడ్చి సంపాదించుకున్న ఒకే ఒక్క రోజు.

మా అన్నయ్య ఇంట్లో మొదట స్కూలు ఫైనలు ప్యాసైనవాడు. బెజవాడలో ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాగా చేరాడు. పేట నుంచి వచ్చే మొదటి బస్సు మా ఇంటి ముందునుంచే పోయేది, బస్టాండుదాకా వెళ్ళే పని లేకుండా డ్రైవరు మా గుమ్మం ముందు ఆపి రెండుసార్లు హారను కొట్టేవాడు, అన్నయ్య తల దువ్వుకుంటూ పరుగెత్తేవాడు. ఆ రోజుల బస్సులకు మనుషుల మీద అంత దయ ఉండేది. చుట్టాలంతా ఇక పొలం కౌలుకిచ్చేయమన్నారు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకురా అని పెద్దమ్మ పోరింది. అన్నయ్య ఒప్పుకోలేదు. సాగర్ కాలవ వస్తోంది, సర్వేవాళ్ళు జెండాలు పాతి పోయారు, నీళ్ళొచ్చిందాకా ఈ ఉద్యోగంతో ఇల్లు నెట్టుకొద్దాం, నీళ్ళొచ్చిన మర్నాడు రాజీనామా పడేసి వరి వేస్తాను అనేవాడు. రాత్రి అన్నాల దగ్గర పొలంలో ఎక్కడ బోదె తీయాలో, ఎక్కడ నారుమడి పోయాలో కంచం పక్కన నేల మీద వేలితో గీసి చూపించేవాడు. అంతదాకా ఉద్యోగమూ పోకూడదు, పొలమూ పోకూడదు. అదే వాడి బతుకు పట్టుదల. దానికోసం ఒళ్ళు హూనం చేసుకున్నాడు.

ఆ ఏడు నాన్న బండి మీదనుంచి పడి తుంటి దెబ్బతిని కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాఘంలో ఒకసారి పాతర తీసి సగం గింజ వాడుకుని మళ్ళీ మూసి ఉన్నాం. మృగశిర ఇంకా రాకముందే పడమటి దిక్కున మబ్బులు కమ్మడం మొదలైంది. పాతర మూతి మీది మట్టి ఒకపక్క బీటలు వారిందని నాన్న చూసి వచ్చాడు. వాన దిగిందంటే ఉన్న జొన్న మొత్తం ముక్కి కుళ్ళిపోతుంది. ఏడాది తిండీ, విత్తనాల పనికి వచ్చే కూలీలకు కొలిచేదీ అదే. శనివారం అన్నయ్యకు ఒంటిపూట, మధ్యాహ్నం బస్సుకే వచ్చి పెదనాన్నతో కలిసి బండ ఎత్తితే ఆదివారమంతా పాతర తెరిచి ఉంటుంది, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు, సోమవారం తెల్లారి తొలిగంప తీసి బస్సెక్కొచ్చు, మిగతాది మా పెదనాన్న కూలీలను పెట్టి తీయిస్తాడు. ఇదీ అనుకున్నది. దీనికి వంక పెట్టేవాడెవడు?

ఆ శనివారం బస్సు కీసర వంతెన దగ్గర ఆగిపోయింది. అన్నయ్య ఇంటికి చేరేటప్పటికి బాగా చీకటి పడింది, మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన అయిపోయింది. ప్రార్థన అయితే ఆదివారం మొదలైనట్టే నాన్నకు. బండ ఎత్తి వస్తాను, ఒక్క నిమిషం పని అన్నాడు అన్నయ్య. నాన్న గొంతు పెంచలేదు, "బండెత్తడం పని కాదంట్రా?" అన్నాడు, అంతే. అన్నయ్య భుజం మీది సంచి దించి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పే రోజులు కావవి, అందులోనూ ఆ మాట వెనక తాతయ్య ఉన్నాడని వాడికి తెలుసు. ఆదివారం ఇంటిల్లిపాదీ తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు వెళ్ళి వచ్చాం. రోజంతా మబ్బు అలాగే ఉంది, చినుకు పడలేదు. అన్నయ్య పాతర దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్ళి, చేతులు వెనక్కి పెట్టుకుని చూసి వచ్చాడు.

సోమవారం కోడి కూసే వేళకే పెదనాన్నా అన్నయ్యా కలిసి బండ ఎత్తారు. సాయంత్రందాకా వదిలెయ్యండి, వచ్చి దిగుదువుగాని అని నాన్న చెప్పాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. కానీ సాయంత్రం బస్సు వచ్చేసరికి చీకటి పడుతుంది, పగలు వాన పడితే తెరిచిన పాతరలోకి నేరుగా నీళ్ళు, తాటాకులు కప్పితే ఆవిరి పోదు. సెలవు పెడదామంటే అంతకుముందే ఒకసారి బస్సు ఆలస్యమైనందుకు ఆఫీసరు, టెంపరరీవాడివి జాగ్రత్త అని హెచ్చరించి ఉన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని మనం తేలిగ్గా అనేస్తూ ఉంటాం. నాన్న కర్ర పొడుచుకుంటూ సాయంత్రానికి కూలీలను మాట్లాడి రావడానికి వాడలోకి వెళ్ళాడు. అన్నయ్య వేపమండలు తెచ్చి పాతర మూతిలో పెట్టి చాలాసేపు విసిరాడట. లాంతరు దించాడు, అది ఆరలేదు. కానీ అడుగుదాకా దించలేదు, పాతర మెడదాకానే దించాడు. ఇంకొంచెం దించరా అన్నానమ్మా, బస్సు టైమైంది పెదనాన్నా, ఒక్క గంపే కదా అన్నాడు, అని మా పెదనాన్న చచ్చేదాకా ఎవరు వచ్చినా చెబుతూనే ఉన్నాడు.

నేను వంటింట్లో క్యారియర్ సర్దుతున్నాను. ఇస్త్రీ చొక్కా చిలక్కొయ్యకు వేలాడుతోంది. రోడ్డు మీద హారను రెండుసార్లు వినిపించింది. అన్నయ్య రావడం లేదేమని గుమ్మంలోకి వచ్చాను. డ్రైవరు నన్ను చూసి మరోసారి కొట్టాడు. ఆ హారనులో కలిసిపోయి దొడ్డివైపునుంచి పెదనాన్న కేక మొదట నాకు వినపడలేదు. వినపడి పరుగెత్తేసరికి ఆయన పాతరలోకి కాళ్ళు జార్చి ఉన్నాడు, అమ్మ ఆయన నడుము రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతోంది. లోపల ఉన్నది ఆమె కొడుకు. రెండోవాడు దిగకూడదని తెలిసి, కన్నకొడుకు కోసం దిగబోయే మనిషిని తన చేతులతో ఆపిన ఆడది మా అమ్మ. ఆ బలం ఆమెకు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బస్సులోవాళ్ళు దిగి పరుగెత్తుకొచ్చారు. నీళ్ళ బావిలో బిందెలు తీసే పాతాళ గరిగె తెచ్చారు. ఇంతకన్నా రాయలేను. పైకి తీసేటప్పటికి వాడు లేడు. కుడిచేతి గుప్పిట్లో జొన్నలు ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం బెజవాడనుంచి వచ్చే బస్సు మా ఇంటి ముందు ఆగింది, అందులో ఉన్న ఉద్యోగస్తులంతా ఖాళీ క్యారియర్లతో దిగి, సమాధుల తోటదాకా నడిచి వచ్చారు. ఆఫీసునుంచి కూడా ఒకాయన వచ్చాడు. నాన్న ఏడవలేదు. మూడోనాటి ప్రార్థన అయ్యాక అమ్మ, జీవితంలో ఆయనకు ఎదురుచెప్పని అమ్మ, అందరూ ఉండగా, "గుంటలో పడ్డ గొడ్డునైతే ఆదివారమైనా పైకి లాగొచ్చని ప్రభువే అన్నాడు గదయ్యా, నా బిడ్డ కోసం ఆ బండ కాస్త జరపకూడదా?" అని అడిగింది. పాస్టరుగారు తల దించుకున్నారు.  ఆ తరువాత అమ్మ ఆ ప్రశ్న రెండోసారి అడగలేదు, నాన్న దానికి జవాబూ చెప్పలేదు, ఒకే కప్పు కింద ఆ ప్రశ్నతోనే ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

ఆ వచ్చిన ఆదివారం నాన్న ఆరాధనకు రాలేదు. ఆనాడు మళ్ళీ మూసేసిన పాతర దగ్గరికి కర్ర పట్టుకుని వెళ్ళి, తుంటి నొప్పితో మూలుగుతూ, ఎవరినీ సాయం రానివ్వకుండా గడ్డపారతో తనే బండ జరిపాడు. తాతయ్య పొలం కొన్న తరువాత మా ఇంట్లో ఆదివారం పని చేసింది ఆయనే మొదటివాడు. రోజంతా ఆ మూతి పక్కనే ఎండలో కూర్చున్నాడు. సోమవారం లాంతరు అడుగుదాకా దించి చూసి కూలీలను దింపారు. జొన్న పైకి వచ్చింది. ఒక్క గింజ తడవలేదు. బీట పైమట్టిలోనే ఆగిపోయింది, లోపలికి దిగలేదు. వాన కూడా ఆ నెలాఖరుదాకా రాలేదు. ఎర్రటి ఎండలో కుప్పగా పోసిన ఆ జొన్నను చూసి అప్పుడు ఏడ్చాడు మా నాన్న, నేను విన్నాను, గొడ్డు అరిచినట్టు ఏడ్చాడు. ఆ గింజ మా ఇంట్లో ఎవరూ తినలేదు, కూలీలకు కొలిచేశాం.

పాతర పూడ్చేశారు. పొలం కౌలుకు పోయి, కొన్నేళ్ళకు అమ్ముడుపోయింది. సాగర్ కాలవ వచ్చింది, చివరి భూములకు నీళ్ళు ఒక ఏడు వస్తే ఒక ఏడు రావు, ఎలాగైతేనేం అన్నయ్య నేల మీద గీసిన బోదెలు మరెవరో తీసుకున్నారు. నేను ట్రైనింగు చదివి చిల్లకల్లు బడిలో టీచరునయ్యాను, రిటైరయ్యేదాకా పొద్దున పోయి సాయంత్రం వచ్చే జనంలో నేనూ ఒకదాన్నయ్యాను. మొదట్లో బస్సు హారను కొడితే చెవులు మూసుకునేదాన్ని. తరువాత అదీ పోయింది. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు, అదే అన్నింటికన్నా సిగ్గుచేటు.

ఇప్పుడు మా ఊళ్ళో తెల్లారేసరికి బెజవాడ పోయేవాళ్ళూ, అక్కడినుంచి ఇక్కడికి వచ్చేవాళ్ళూ లెక్కలేనంతమంది. టీ హోటలు మూలన కొడవళ్ళు పెట్టేవాళ్ళు లేరు, పెట్టేందుకు కొడవలి ఉన్నవాళ్ళూ లేరు. జొన్నలు ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ళకు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఆదివారం చర్చిలో నా చుట్టూ కూర్చున్న పిల్లలు ప్రసంగం మధ్యలో గడియారం చూసుకుంటారు, వాళ్ళకు మిగిలిన ఒక్క రోజులోనే వారం బట్టలూ, వారం సామానూ, సొంత పనులన్నీ కావాలి మరి, పిలిస్తే ఆదివారం కూడా ఆఫీసుకు పోయేవాళ్ళున్నారు. నేను వాళ్ళను తప్పుపట్టను. కానీ లోపల రగులుతుంది. తాతయ్య సంపాదించినవి రెండే రెండు, ఆదివారం ఒకటి, పొలం ఒకటి. ఒకదాన్ని నాన్న వదలలేకపోయాడు, రెండోదాన్ని అన్నయ్య వదలలేకపోయాడు, ఆ రెండింటి మధ్యా ఒక నిండు ప్రాణం పోయింది. ఆ తరువాత రెండూ పోయాయి, ఎవరూ లాక్కోకుండా, ఎవరూ ఏడవకుండా, మాకే తెలియకుండా పోయాయి. ఇంత తేలిగ్గా పోయేవే అయితే, ఒక్క శనివారం రాత్రి నాన్నో, ఒక్క సోమవారం పొద్దున అన్నయ్యో వాటిని కాస్త వదిలి ఉంటే ఏమయ్యేది? ఇరవై రెండేళ్ళు నిండని మా అన్నయ్య ముసలివాడై, ఈ పాటికి నా పక్కన కూర్చుని నాలాగే మోకాళ్ళ నొప్పులని సణుగుతూ ఉండేవాడు.